కొల్మార్‌కు మంగళవారం వద్దు

ప్రశ్న: ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో చదువుతున్న మా అమ్మాయి దగ్గరికి మే నెలలో వెళ్తున్నాం. ఒకరోజు కొల్మార్‌లో మ్యూజియాలు చూడాలని ఉంది. మా ఇద్దరికీ అరవై దాటాయి. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చా? ఏవి చూడాలి, ఏవి వదిలేయాలి?

జవాబు: హాయిగా రావచ్చు. రైల్లో అరగంట పైచిలుకు, స్టేషన్ నుంచి ఉంటర్‌లిండెన్ మ్యూజియానికి పావుగంట, ఇరవై నిమిషాల నడక. చిక్కంతా వారంతోనే. ఉంటర్‌లిండెన్‌కు మంగళవారం సెలవు, శిల్పి బర్తోల్డి మ్యూజియానికి సోమవారం. బుధవారం నుంచి ఆదివారం లోపు ఏ రోజైనా పెట్టుకోండి. మే 1న మాత్రం రెండూ మూసే ఉంటాయి.

పొద్దున్నే ఉంటర్‌లిండెన్‌కే వెళ్లండి, రెండు గంటలకు తగ్గించకండి. 13వ శతాబ్దపు సన్యాసినుల మఠంలో 1853లో తెరిచిన మ్యూజియం ఇది. గ్రూనెవాల్డ్ 1512–1516 మధ్య చిత్రించిన ఐసెన్‌హైమ్ పీఠచిత్రం (ఐసెన్‌హైమ్ మఠం చర్చిలో పూజావేదిక మీద నిలిపిన చిత్రాల పలకలు) ఇక్కడే ఉంది. ఒకప్పుడు తలుపుల్లా తెరిచి మూసిన ఈ పలకలను ఇప్పుడు విడదీసి, ఒకదాని వెనక ఒకటి నిలబెట్టారు. చాలామంది ముందున్న సిలువ దృశ్యం చూసి, అంతే అనుకుని వెనుదిరుగుతారు. పలకలకు రెండువైపులా బొమ్మలున్నాయి, చుట్టూ తిరగాలి. తలుపులు ఎలా తెరుచుకునేవో చూపే చిన్న నమూనాలు గోడకు ఉన్నాయి, ముందు వాటిని చూస్తే తికమక ఉండదు.

సెయింట్ ఆంథొనీని భూతాలు పీడించే పలకలో ఎడమ కింది మూలన, ఉబ్బిన పొట్టతో, ఒళ్లంతా పుండ్లతో ఒక రోగి కనిపిస్తాడు. రై అనే ధాన్యపు గింజలకు పట్టే ఎర్గాట్ బూజు రొట్టెలో కలిసి తెచ్చే జబ్బుకు గుర్తు అది. ఐసెన్‌హైమ్ మఠం సాధువులు ఇలాంటి రోగులకే సేవ చేసేవారు. మన సజ్జకంకులకు వచ్చే తేనెబంక తెగులు ఈ బూజుకు దగ్గరి చుట్టమే.

అక్కడి నుంచి రెండడుగుల్లో డొమినికన్ చర్చి. షోంగౌవర్ 1473లో గీసిన గులాబీ పందిరి కింది మేరీ చిత్రం కోసం పది నిమిషాలు చాలు. 1972లో దొంగతనానికి గురై, మరుసటి ఏడాది దొరికిన చిత్రమిది.

మధ్యాహ్నం బర్తోల్డి పుట్టిన ఇల్లు చూడండి. న్యూయార్క్ స్వేచ్ఛా విగ్రహం చెక్కినాయన 1834లో ఇక్కడే పుట్టాడు. పాత మేడ, మెట్లెక్కాలి. మోకాళ్లు ఒప్పుకోకపోతే దీన్నే వదిలేయండి. చిన్న మ్యూజియాలు భోజనవేళ మూసేస్తుంటాయి కాబట్టి వేళలు ముందురోజే చూసుకోండి. పిల్లలు వెంట లేకపోతే ఆటబొమ్మల మ్యూజియం అక్కర్లేదు.

ప్రశ్న: మేం శాకాహారులం. తిండి సంగతేంటి?

జవాబు: రెండు దాటితే చాలా వంటిళ్లు కట్టేస్తారు, పన్నెండున్నరకే కూర్చోండి. అక్కడి పలచటి రొట్టె తార్త్ ఫ్లాంబేలో మీగడ, ఉల్లిపాయలతో పాటు పంది మాంసం ముక్కలు వేస్తారు. ఆర్డరిచ్చేటప్పుడే ‘సాఁ లార్దోఁ’ అనండి, అంటే ఆ ముక్కలు లేకుండా అని. వచ్చాక ఏరుకుని తిందామంటే కుదరదు, కొవ్వు మీగడలోకి దిగిపోతుంది.