ఊరందరికీ అమ్మే... నా కోసం మాత్రం తీరిక లేదు!

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లాలో ఒక పల్లె. సారా తాగి తాగి నాన్న పోయేనాటికి నాకు ఎనిమిదేళ్లు. మరుసటి ఏడాదే సారా ఉద్యమం వచ్చింది. అమ్మ అందులోకి వెళ్లింది, నన్ను అమ్మమ్మ పెంచింది. ఇప్పుడు అమ్మకు 64. మహిళా సంఘం, బెల్టు షాపుల మీద ఫిర్యాదులు, మొగుడు కొట్టిన పిల్లల పంచాయితీలు... ఇదే లోకం. మొన్న నాకు గర్భసంచి ఆపరేషన్ అయితే నాలుగో రోజే ‘ఆ పిల్లను స్టేషన్‌కు తీసుకెళ్లాలి’ అంటూ బస్సెక్కేసింది. బెల్టు షాపు వాళ్లు బెదిరిస్తున్నారని విని టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు. హైదరాబాద్ వచ్చేయమంటే వినదు. నా పెళ్లిలోనూ బాబాయి, పిన్నే పీటల మీద కూర్చున్నారు, అమ్మ ఎక్కడో వెనక ఉండిపోయింది. ఇవన్నీ ఎలా మాన్పించాలి?
- ఓ సోదరి, హైదరాబాద్

జవాబు: ఆపరేషన్ విషయంలో తప్పు మీ అమ్మగారిదే. ఆ పిల్ల వెంట వెళ్లడానికి సంఘంలో ఇంకొకరు ఉండే ఉంటారు, మీ మంచం పక్కన కూర్చోవాల్సింది ఆవిడే. చిన్నప్పటి నుంచీ మీరు దిగమింగుకున్నది కూడా చిన్న బాధ కాదు. సమాజ సేవ కదా, సర్దుకోండి అని నేను చెప్పను.

కానీ మాన్పించడమనే మాట దగ్గర మీతో ఏకీభవించలేను. పెళ్లి సంగతి ఒక్క ముక్కలో రాసి వదిలేశారు, అక్కడ కాస్త ఆగండి. కన్నకూతురి పెళ్లిలో వెనక ఉండిపోవడం ఆవిడకు కొత్త కాదు. ముప్ఫై ఏళ్లకే పేరంటాల పిలుపులు ఆగిపోయి ఉంటాయి. కుంకుమ పళ్లెం తనను దాటి పక్కావిడ దగ్గరికి వెళ్లిపోయి ఉంటుంది. ఎవరైనా ప్రయాణమవుతుంటే ఎదురు రాకూడదని తలుపు వెనకే ఆగిపోయి ఉంటుంది. సరిగ్గా అప్పుడే, 1992లో, దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారన్న కబురు జిల్లా అంతా పాకింది. రాత్రిబడుల్లో అక్షరాలు దిద్దుకుంటున్న వాళ్లు సారా వేలంపాటలకు అడ్డం పడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. భర్తను సారాకు పోగొట్టుకున్న మనిషిని ‘అక్కా, నువ్వు ముందు నడువు’ అని పిలిచిన చోటు అదొక్కటే. హైదరాబాద్ వచ్చి మనవల్ని చూసుకోమని మీరు ప్రేమతోనే అడుగుతున్నారు. ఆవిడకు మాత్రం మళ్లీ తలుపు వెనక నిలబడమన్నట్టు వినిపిస్తుంది.

అందుకే ‘అవన్నీ మానెయ్’ అనకండి. ‘నాకు నువ్వు కావాలి’ అనండి. ఈ రెండో మాట ఇన్నేళ్లలో ఒక్కసారైనా నోరు విప్పి అన్నారా? ఫోన్లో వద్దు, కాస్త కోలుకున్నాక ఊరెళ్లి రెండు మూడు రోజులు ఉండండి. ‘నీకేం తక్కువ చేశాను’ అని ఆవిడ కోప్పడవచ్చు, ఏడవనూవచ్చు. ఆ పూటకు ఆపేసి మర్నాడు మళ్లీ మాట్లాడండి. కావలసింది విడమరిచి అడగండి: వచ్చే చెకప్‌కు వారం రోజులు, సంక్రాంతికి నాలుగు రోజులు, ఆ నాలుగు రోజులూ పంచాయితీల ఫోన్లు ఉండవని మాట. వీలైతే ఒక సాయంత్రం సంఘం మీటింగ్‌లో వెనక కూర్చుని వినండి. మీ అమ్మ మాట్లాడుతుంటే మీరెప్పుడూ చూసి ఉండరేమో.

ఇక బెదిరింపులు. వీటిని తేలిగ్గా తీసుకోవద్దు. ఎవరు, ఎప్పుడు, ఏమన్నారో రాయించి స్టేషన్‌లో ఫిర్యాదు ఇప్పించండి, రసీదు తీసుకోండి. చీకటి పడ్డాక ఒంటరిగా వెళ్లకూడదని సంఘం వాళ్ల చేతే చెప్పించండి, మీ మాట కంటే వాళ్ల మాట వింటారు. అత్యవసరమైతే 112. కొట్టే మొగుళ్ల కేసులన్నీ ఆవిడే భుజాన వేసుకోనక్కర్లేదు. 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే, బాధిత మహిళలను ఆదుకునే సఖి కేంద్రం సాయం దొరుకుతుంది. 2005 గృహహింస చట్టం కింద రక్షణ అధికారి ఉంటారు. న్యాయసేవాధికార సంస్థ ఆదాయంతో పనిలేకుండా ఏ మహిళకైనా ఉచితంగా లాయర్ని ఇస్తుంది. ఈ దారులు సంఘంలోని నడివయసు వాళ్లకు నేర్పి పని పంచమనండి. అలా పంచితేనే మీకు ఆ వారం దొరుకుతుంది. ఊరెళ్లినప్పుడు బీపీ, షుగర్ పరీక్షలు కూడా చేయించి రండి, ఇలా తిరిగేవాళ్లు మందుల సంగతి మరిచిపోతుంటారు.