ఆ హీరోయిన్‌కి అన్న లేడు

కువైట్‌లో ఇంటిపని చేస్తున్న ఒక తల్లి రాసిన పొడవాటి ఉత్తరంలో కొంత భాగం ఇది. సొంత ఊరు రాజంపేట దగ్గర పల్లె. పేరు చెప్పడం లేదు.

"నా భర్త వదిలేసి పోయాక, ఆరేళ్ళ పాపను అన్న దగ్గర పెట్టి ఇంటిపనివాళ్ళకిచ్చే 20 నంబరు వీసా మీద ఇక్కడికి వచ్చాను. 11 ఏళ్ళయింది. ఇప్పుడు నాకు 42. రాత్రి పని అయిపోయాక ఫోన్‌లో ఒక సీరియల్ చూస్తాను. అందులో హీరోయిన్ కూడా నాలాగే పరదేశం పోయి అంట్లు తోముతుంది. కష్టపడి చివరికి సొంత హోటలు పెడుతుంది. అవమానించినవాళ్ళే వచ్చి ఆమె ముందు తలదించుకుంటారు. నేను ఆమె కన్నా తక్కువ కష్టపడలేదమ్మా. మరి నా చేతిలో ఏమీ మిగల్లేదెందుకు? నాకు తెలివి లేదా, రాత లేదా? వచ్చే నెల అకామా (ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి) అయిపోతుంది. ఇంకో రెండేళ్ళు రెన్యువల్ చేయించుకోవాలా, ఇంటికి వచ్చేయాలా? మిమ్మల్ని మా అమ్మ అనుకుని అడుగుతున్నా."

అమ్మా,

అకామా సంగతి ముందే చెప్పేస్తాను. ఉండగలిగితే ఉండు, ఒంట్లో ఓపిక లేకపోతే వచ్చేయి. దాని కోసం నన్ను అడగక్కర్లేదు. ఇప్పుడు నడుస్తున్న పద్ధతిలోనే నడిస్తే మాత్రం, రెండేళ్ళు కాదు, ఇంకో పదేళ్ళు అక్కడ ఉన్నా నువ్వు ఇదే ఉత్తరం మళ్ళీ రాస్తావు.

నీ సీరియల్ నేను చూడలేదు. కానీ అలాంటి కథలు చాలా చదివాను, చాలా చూశాను. వాటిలో ఒక విషయం గమనించావా? హీరోయిన్‌కి వెనక ఎవరూ ఉండరు. మొదటి వారంలోనే తల్లిదండ్రులు పోతారు. తోబుట్టువులు ఉండరు. అందుకే ఆమె సంపాదించిన ప్రతి రూపాయీ ఆమె దగ్గరే ఉంటుంది, ఆ రూపాయితో రెండో రూపాయి పుడుతుంది, ఆఖరికి హోటలు లేస్తుంది. కష్టంలో నువ్వు ఆమెకేమీ తీసిపోలేదు. తేడా అంతా జీతం వచ్చిన మర్నాడు ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడుతోందన్న దగ్గరే ఉంది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ మేడమ్ గురించి రెండు ముక్కలు రాశావు. వదిలేసి పోయిన మొగుడి గురించి ఒక్క వాక్యం. మిగిలినదంతా మీ అన్న. రాసిన ప్రతిచోటా ఆయన తరఫున నువ్వే సంజాయిషీ ఇచ్చావు. "పాపను చూసుకుంటున్నాడు కదా", "ఆయనకూ ఖర్చులుంటాయి కదా", "తోడబుట్టినవాడు నాకు అన్యాయం చేస్తాడా". ఎవరూ నిన్ను అడగలేదు తల్లీ. అడగకుండానే ఎందుకు జవాబు చెబుతున్నావు? నీ మనసుకు సందేహం వచ్చింది కాబట్టి.

నువ్వు రాసిన లెక్కే నీకు చెబుతాను. జీతం 110 దినార్లు. సబ్బులకు, ఫోన్ రీఛార్జికి 10 ఉంచుకుని 100 పంపుతున్నావు. దినారుకు 270 రూపాయలే వేసుకున్నా అది నెలకు 27 వేలు. మొదట్లో జీతం తక్కువే అయినా, 11 ఏళ్ళలో అది చిన్న మొత్తం కాదు. ఆ డబ్బుతో మీ నాన్నగారి స్థలంలో రెండంతస్తుల ఇల్లు లేచింది. ఒక చీనీ (బత్తాయి) తోట వచ్చింది. రెండూ అన్న పేరు మీదే. నీ పేరు మీద ఏముంది? కార్గోలో నువ్వు పంపిన నిడో పాలపొడి డబ్బాలు, టాంగ్ పొడి, దుప్పట్లు. అవి కూడా ఇంటికి చేరగానే పంచేసి ఉంటారు.

పోయినసారి సెలవుకు వచ్చినప్పుడు జరిగింది రాశావు చూడు, అది చదివి నాకు రాత్రంతా మనసు మనసులో లేదు. నీ డబ్బుతో కట్టిన పై గదికి తాళం. తాళంచెవి వదిన కొంగున. "సామాన్లు ఉన్నాయి" అని చెప్పి, నీకూ పాపకూ హాల్లో ఫ్రిజ్ పక్కన చాప వేశారు. నువ్వు ఒకరోజు "ఇంటి కాగితాలు ఒకసారి చూపించన్నా" అంటే, వదిన పళ్ళెం పక్కకు నెట్టి "ఆడబిడ్డ లెక్కలడుగుతోంది" అని లేచిపోయింది. అన్న మూడు రోజులు నీతో మాట్లాడలేదు. నువ్వే వెళ్ళి క్షమాపణ చెప్పావు! దేనికమ్మా ఆ క్షమాపణ? కువైట్‌లో దివానియాకు, అంటే ఆ ఇంట్లో జరిగే మగవాళ్ళ కూడికకు, వచ్చిన చుట్టాలకు అర్ధరాత్రి దాకా టీ ట్రేలు మోసి, రంజాన్ నెలలో తెల్లవారుజామున తినే సహరీ దాకా మేలుకుని పంపిన డబ్బు ఏమైందని అడిగినందుకా?

మీ అన్నను దొంగ అని నేను అనను. ఆరేళ్ళ పిల్లను తెచ్చుకుని ఇంటర్ దాకా చదివించాడు. జ్వరం వస్తే ఆసుపత్రిలో కూర్చున్నాడు. అది మేనమామ చేయాల్సిన పనే, చేశాడు, ఆ రుణం నువ్వు మరవకూడదు. కానీ ఆ రుణానికీ ఒక అంతు ఉంటుంది. పిల్లను చూసుకున్నందుకు ఇంత అని తీసుకో అన్నా, సంతోషంగా ఇస్తాను అని నువ్వు అనొచ్చు. ఇల్లు, తోట, ఆఖరికి పిల్ల పెళ్ళి కూడా ఆయన చేతిలో పెట్టాలంటే అది రుణం తీర్చుకోవడం కాదు, నీ బతుకు మొత్తం రాసిచ్చేయడం. తోడబుట్టినవాళ్ళ మధ్య లెక్క అడిగితే బంధం తెగిపోతుందని మన ఆడపిల్లలకు చిన్నప్పటి నుంచీ నూరిపోశారు. నాకు ఆ మాట మీద ఏనాడూ నమ్మకం లేదు. లెక్క చెప్పమన్నంత మాత్రాన తెగిపోయే బంధం ఇన్నాళ్ళూ నీ 100 దినార్ల మీదే నిలబడి ఉంది.

ఇప్పుడు కాగితాల సంగతి. ఇది జాగ్రత్తగా చదువు, అవసరమైతే ఎవరి చేతనైనా ఇంకోసారి చదివించుకో.

"బయట దేశంలో ఉన్నవాళ్ళ పేరు మీద పొలం కొనకూడదు, అందుకే నా పేరున కొన్నా" అని అన్న చెప్పాడన్నావు. తోట వరకు ఆ మాట నిజమే. విదేశాల్లో ఉంటున్న మనవాళ్ళు వ్యవసాయ భూమి, తోటలు కొనడానికి ఫెమా (విదేశీ మారక ద్రవ్య నిర్వహణ) చట్టం ఒప్పుకోదు. కానీ ఇల్లు, ఇంటి స్థలం కొనుక్కోవచ్చు. అక్కడి మన ఎంబసీ ద్వారా పవర్ ఆఫ్ అటార్నీ పంపి నువ్వు రాకుండానే నీ పేరున రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు. ఆ మాట నీకు ఎవరూ చెప్పలేదు. పోనీ తోటైనా పాప పేరున ఎందుకు కొనలేదు? పాప ఇక్కడే ఉందిగా.

కష్టమైన మాట ఇంకొకటి. ఆస్తి ఒకరి పేరున కొని, డబ్బు నాది అని తర్వాత కోర్టుకు వెళితే బినామీ చట్టం అడ్డం వస్తుంది. అది 1988 నాటిది, 2016లో ఇంకా గట్టిపడింది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ విషయంలో మినహాయింపు ఉంది కానీ, కాగితంలో ఇద్దరి పేర్లూ ఉమ్మడిగా ఉండాలి. నీ పేరు లేదు. కాబట్టి తోట కోసం రేపే కోర్టుకెక్కుతానని ఆవేశపడకు, ముందు మంచి లాయరును కలవాలి. ఇంటి స్థలం సంగతి వేరు. అది మీ నాన్నగారిది. ఆయన వీలునామా రాయకుండా పోయి ఉంటే అందులో మీ అమ్మకూ, అన్నకూ, నీకూ సమాన వాటా ఉంది. పెళ్ళయి వెళ్ళిన పిల్లవని ఆ హక్కు పోదు. తాతల నాటి పిత్రార్జితమైనా, హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత కూతురికి కొడుకుతో సమానంగా వస్తుంది.

ఇక్కడే నా భయం. సెలవు అయిపోయి విమానం ఎక్కే ముందు రోజు "బ్యాంకు పని" అని అన్న నీ చేత ఏదో కాగితం మీద సంతకం పెట్టించాడని ఒక్క ముక్కలో రాసి వదిలేశావు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు తీసుకెళ్ళాడా, వేలిముద్ర వేయించాడా? అలా అయితే అది హక్కు వదులుకున్న దస్తావేజు అయ్యుండొచ్చు. ఇంటి స్థలం సర్వే నంబరుకు ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పట్టీ) తీయిస్తే, అలాంటి దస్తావేజు రిజిస్టరయి ఉంటే అందులో కనిపిస్తుంది. మీ సేవలో అడిగితే తీసిస్తారు. ఆ పని అన్నకు చెప్పొద్దు. పాపకు 17 ఏళ్ళు, ఇంటర్ చదువుతోంది, ఆమె చేయగలదు.

పాప అనగానే గుర్తొచ్చింది. ఉత్తరం చివర్లో ఆనందంగా రాశావే, "పాపను వాళ్ళ అబ్బాయికే చేసుకుంటామన్నాడు, ఇక ఆస్తి ఎవరి పేరునుంటే ఏంటి అన్నాడు" అని. నాకు ఆ వాక్యం అన్నిటికన్నా బరువుగా అనిపించింది. మేనరికం మంచిదా కాదా అన్న చర్చ పక్కన పెట్టు. అబ్బాయి 24 ఏళ్ళవాడు, ఉద్యోగం లేదు. పిల్లకు 18 కూడా నిండలేదు, నర్సింగ్ చదువుతానంటోంది. నువ్వు అడిగిన కాగితాల ప్రశ్నకు ఆయన నీ కూతురి పెళ్ళిని జవాబుగా చూపిస్తున్నాడు. ఈ పెళ్ళి జరిగితే నువ్వు జీవితంలో లెక్క అడగలేవు, వియ్యంకుణ్ణి ఎలా అడుగుతావు? నర్సింగ్ చదివిన మన అమ్మాయిలు అదే కువైట్‌లో ఆసుపత్రుల్లో యూనిఫాం వేసుకుని పనిచేస్తున్నారు. నువ్వు వంటింటి వెనక గదిలో పడుకుని కన్న కల అదే కదా.

అక్కడ ఉండాలనే నిర్ణయించుకుంటే, రెన్యువల్ మాట వచ్చినప్పుడే నీ మేడమ్‌తో తేల్చుకో. కువైట్‌లో ఇంటిపనివాళ్ళ కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. వారానికి ఒకరోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. ఒప్పందం ముగిసి వచ్చేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున లెక్కకట్టి ఇవ్వాలి. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గర పెట్టుకోకూడదు. ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో చేశావు కాబట్టి ఆ డబ్బు గురించి అడగడం నీ హక్కు.

రేపు జీతం రాగానే అన్న ఖాతాకు పంపవద్దు. నీ పేరున ఎన్‌ఆర్‌ఈ ఖాతా (విదేశాల్లో ఉండే మనవాళ్ళు ఇక్కడి బ్యాంకులో తెరిచే ఖాతా) తెరువు, జీతం అందులో వేసుకో. పాప పేరున ఒక ఖాతా తెరిపించి, ఆమె ఫీజు, ఖర్చులు నేరుగా అందులో వేయి. పాప తిండికీ, ఉండటానికీ నెలకు ఇంత అని అన్నకు పంపు, ఎగ్గొట్టకు. ఆయన ఫోన్ చేసి గట్టిగా అడుగుతాడు. అప్పుడు ఏడవకు, కోప్పడకు. "అన్నా, పాప చదువు అయ్యేదాకా పెళ్ళి మాట వద్దు. ఇంట్లో నా వాటా నా పేరున రాసివ్వు, ఈసారి సెలవుకు వచ్చినప్పుడు రిజిస్టరు చేయించుకుందాం" అని చెప్పు. ఆయన వెంటనే ఒప్పుకుంటే నేను ఆయన గురించి అనుకున్నదంతా తప్పని సంతోషిస్తాను. మాట్లాడటం మానేస్తే మాననీ, నువ్వు మాత్రం ఈసారి క్షమాపణ చెప్పకు. ఈసీ చేతికి వచ్చాక అందులో ఏముందో నాకు రాయి, లాయరు దగ్గర ఏం అడగాలో అప్పుడు చెబుతాను.