ఫోన్ ఛార్జింగ్ ఎక్కట్లేదా? ముందు గోడ దగ్గర్నుంచి చూడండి

"అన్నా, ఇక్కడికొచ్చాక నా ఫోన్ ఛార్జింగ్ ఎక్కట్లేదు, బ్యాటరీ పోయినట్టుంది, కొత్త ఫోన్ కొనెయ్యమంటావా" అని రూమ్మేట్ ఫోన్లోంచి చేస్తారు. ఇండియా నుంచి విదేశాలకి కొత్త బ్యాచ్ దిగిన మొదటి రెండు మూడు వారాల్లో నాకు ఇలాంటి కాల్స్ మామూలే. నేను ముందు అడిగేది ఒకటే, విమానం ఎక్కేముందు బాగానే ఎక్కేదా? ఎక్కేదన్నా అంటారు. మరి ఒక్క ప్రయాణంలో బ్యాటరీ ఎందుకు చస్తుందండీ? ఫోన్ అదే, బ్యాటరీ అదే, మారిందల్లా గోడ, గోడలో సాకెట్, మధ్యలో మీరు తగిలించిన అడాప్టర్. కాబట్టి గోడ దగ్గర మొదలెట్టి ఫోన్ దాకా రండి. అందరూ ఉల్టా చేస్తారు, ముందు ఫోన్ రీసెట్ కొట్టి ఫొటోలన్నీ పోగొట్టుకుని, ఆఖర్న సాకెట్ వైపు చూస్తారు. ఇంకోటి, ఒకసారికి ఒక్కటే మార్చండి, కేబులూ ఛార్జరూ సాకెట్టూ మూడూ కలిపి మార్చేస్తే ఛార్జింగ్ ఎక్కినా అసలు తప్పు దేంట్లో ఉందో ఎప్పటికీ తెలీదు.

నవ్వకండి గానీ నేను అమెరికా వచ్చిన కొత్తలో మూడు రాత్రులు దీంతోనే పోయాయి. మంచం పక్కన సాకెట్లో ఛార్జర్ పెట్టేవాణ్ణి, స్క్రీన్ మీద మెరుపు గుర్తు వచ్చేది, హమ్మయ్య అనుకుని లైటు ఆపి పడుకునేవాణ్ణి. పొద్దున లేస్తే 11 శాతం, ఒకరోజైతే ఏకంగా ఆఫ్ అయిపోయింది, అలారం మోగలేదు, ఆఫీసులో మూడోరోజే లేటు. కేబుల్ మార్చాను, లాభం లేదు. నాలుగో రాత్రి లైటు ఆపి తిరిగి చూస్తే మెరుపు గుర్తు కూడా లైటుతో పాటే పోయింది! తలుపు పక్కనున్న ఆ స్విచ్ పైకప్పు లైటుది కాదు, దానికి సాకెట్టే కనెక్ట్ చేసి ఉంది, ఆ సాకెట్లోనే టేబుల్ లైటు పెట్టి ఉంది, నేను లైటు అనుకుని మొత్తం సాకెట్‌నే ఆపేస్తున్నాను. అక్కడి ఇళ్ళల్లో ఇది చాలా మామూలు, ఒక్కోచోట సాకెట్లో పైది మాత్రమే స్విచ్‌తో ఆగుతుంది, కిందది ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. కొత్త ఇంట్లో దిగిన రోజే ఫోన్ ఛార్జింగ్ పెట్టి గదిలో స్విచ్చులన్నీ ఒకసారి నొక్కి చూసుకోండి, రెండు నిమిషాల పని.

వంటగదిలో, బాత్రూం దగ్గర సాకెట్ల మధ్య టెస్ట్, రీసెట్ అని రెండు చిన్న బటన్లు ఉంటాయి. కరెంటు ఎక్కడన్నా లీకయితే అది దానంతటదే ఆగిపోతుంది, దాని వెనకాల కలిపిన వేరే సాకెట్లు కూడా చచ్చిపోయినట్టే ఉంటాయి, రీసెట్ గట్టిగా నొక్కితే వచ్చేస్తాయి. బ్రిటన్ వెళ్ళినవాళ్ళకి గొడవ వేరు, అక్కడ మన దగ్గర లాగే సాకెట్ మీద స్విచ్ ఉంటుంది కాబట్టి వెయ్యడం మర్చిపోకపోతే చాలు, కానీ అక్కడి మూడు పిన్నుల ప్లగ్గులో లోపల చిన్న ఫ్యూజ్ ఉంటుంది, అడాప్టర్ ఉన్నట్టుండి పనిచెయ్యడం మానేస్తే పారేసే ముందు ఆ ఫ్యూజ్ చూడండి.

ఇక వోల్టేజ్ భయం. మన దగ్గర 230 వోల్టులు, అమెరికాలో 120, బ్రిటన్, యూరప్, ఆస్ట్రేలియాల్లో మళ్ళీ 230. ఛార్జర్ మీద కళ్ళు చిట్లించుకుంటే గానీ కనపడని అక్షరాల్లో ఇన్‌పుట్ అని రాసి ఉంటుంది, ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చదవండి, 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ప్రపంచంలో ఎక్కడైనా పెట్టుకోవచ్చు, ఫోన్ ఛార్జర్లు దాదాపు అన్నీ అలాంటివే. మీకు కావాల్సింది పిన్ను ఆకారం మార్చే అడాప్టర్ మాత్రమే, బరువైన కన్వర్టర్ డబ్బా కొని మోసుకురాకండి. ఇస్త్రీ పెట్టెకి, హెయిర్ డ్రయ్యర్‌కి మాత్రం ఈ మాట వర్తించదు, దాని మీద ఏం రాసుందో చదవకుండా పెడితే మీ ఇష్టం. 120 వోల్టులు కాబట్టే ఛార్జింగ్ స్లో అయింది అంటారు కొందరు, మామూలు ఛార్జర్లకి అది నిజం కాదు, లోపలికి ఎన్ని వోల్టులు వచ్చినా బయటికి ఇచ్చేది అదే. బాగా పెద్ద ఛార్జర్లలో కొన్నిటికి మాత్రం కొంచెం తగ్గుతుంది, వన్‌ప్లస్ 10టీ 2022లో వచ్చినప్పుడు వేరే దేశాల్లో 150 వాట్లు అన్నది ఉత్తర అమెరికాలో 125 వాట్లే ఇచ్చింది. దానికి కంగారు పడాల్సిందేం లేదు, అది కూడా బోలెడంత.

నా లెక్కలో కొత్తవాళ్ళ కేసుల్లో ఎక్కువ తప్పు ఏ దేశపు సాకెట్‌కైనా పెట్టుకునే ఆ యూనివర్సల్ అడాప్టర్‌దే. మన గుండ్రటి పిన్నుల ఛార్జర్‌ని దాంట్లో గుచ్చి, దాన్ని గోడకున్న బల్లపరుపు కన్నాల్లో గుచ్చితే మొత్తం బరువు ముందుకి వేలాడుతుంది, అద్దె ఇళ్ళల్లో సాకెట్లు ఎన్నేళ్ళ నుంచో వాడినవి, పట్టు వదులైపోయి ఉంటాయి, దాంతో లూజ్ కాంటాక్ట్. ఫోన్ టింగు టింగుమని మాటిమాటికీ మోగుతూ మెరుపు గుర్తు వచ్చి పోతుంటే అదే. చేత్తో అడాప్టర్‌ని కొంచెం పైకెత్తి పట్టుకోండి, ఛార్జింగ్ నిలకడగా ఎక్కితే ఫోన్‌కి ఏ రోగమూ లేదు. అలాగని కాగితం మడిచి కింద దోపడం, టేపు అంటించడం లాంటి వైద్యాలు వద్దు, లూజ్ కాంటాక్ట్ దగ్గర వేడి పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది, కాలిన వాసన వస్తే ఇంకోసారి దాన్ని వాడొద్దు. ఆ దేశపు పిన్నులతోనే వచ్చే ఛార్జర్ ఒకటి కొనుక్కోండి, సొంతంగా నివాసం ఉండబోయే చోట అడాప్టర్ మీద బతకడం ఎందుకు.

సరే ఛార్జర్ కొన్నారు, ఎక్కుతోంది గానీ నత్తనడక. ఇక్కడ చాలామంది పాత ఛార్జర్‌తో గంటలో నిండిపోయే ఫోన్ కొత్తదాంతో మూడు గంటలు పడుతోందంటే ఫోన్ పాడైంది అనుకుంటారు. వన్‌ప్లస్, ఒప్పో, రియల్‌మీ లాంటి వాటికి వాళ్ళ సొంత ఫాస్ట్ ఛార్జింగ్ పద్ధతి ఉంటుంది, ఫోనూ ఛార్జరూ కేబులూ మూడూ ఒకదాన్నొకటి గుర్తుపడితేనే ఆ స్పీడు, బయటి ఛార్జర్ ఎన్ని వాట్లదైనా చాలా మోడల్స్ అంతకంటే తక్కువే తీసుకుంటాయి. ఐఫోన్, పిక్సెల్, శాంసంగ్ వాడేవాళ్ళు పవర్ డెలివరీ అని రాసున్న టైప్ సీ ఛార్జర్ తీసుకుంటే సరిపోతుంది, శాంసంగ్ పెద్ద మోడల్స్‌కి పూర్తి స్పీడు రావాలంటే పీపీఎస్ అని కూడా ఉండాలి. అసలు డబ్బాలో ఛార్జర్ రావడమే తగ్గిపోయింది, ఐఫోన్ 12 నుంచి అంటే 2020 నుంచి యాపిల్ ఇవ్వడం మానేసింది, మిగతావాళ్ళలో చాలామంది అదే దారి. యూరప్‌లో అయితే 2024 డిసెంబర్ 28 నుంచి కొత్త ఫోన్లన్నిటికీ టైప్ సీ తప్పనిసరి చేశారు, కాబట్టి అక్కడ రూమ్మేట్ కేబుల్ అడిగి టెస్ట్ చేసుకోవడం సులువు.

కొందరు అడాప్టర్ దొరక్క లాప్‌టాప్‌కి పెట్టి ఛార్జ్ చేస్తారు. పాత యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది 5 వోల్టులు, అర ఆంపియర్, అంటే 2.5 వాట్లు. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో పట్టేది దాదాపు 19 వాట్ అవర్స్, భాగించి చూడండి, వృథా ఏమీ పోకపోయినా ఏడు గంటల పైనే, మధ్యలో వీడియో కాల్ మాట్లాడితే ఎక్కేదానికంటే దిగేదే ఎక్కువ. బస్సుల్లో, ఎయిర్‌పోర్ట్ కుర్చీల్లో ఉండే పాత పోర్టులు కూడా చాలావరకు ఇంతే.

కేబుల్ సంగతి తేల్చడం సులువు, మీ కేబుల్‌తో ఇంకొకళ్ళ ఫోన్ పెట్టండి, వాళ్ళ కేబుల్‌తో మీ ఫోన్ పెట్టండి. మెడ దగ్గర వంచినప్పుడు ఎక్కి వదిలేస్తే ఆగిపోతే దాని పని అయిపోయినట్టే.

ఇప్పుడు ఫోన్ దగ్గరికొచ్చాం. వేరే కేబులూ వేరే ఛార్జరూ పెట్టినా ఎక్కట్లేదంటే పోర్టులోకి టార్చి వేసి చూడండి. పోయినేడు ఒక తమ్ముడు కొత్త ఫోన్ కొనడానికి సిద్ధమైపోయి నా దగ్గరికి వస్తే, కేబుల్ గుచ్చి చూశాను, టక్కుమని లోపలికి వెళ్ళి కూర్చోవాల్సింది మెత్తగా ఆగి కొంచెం బయటే ఉండిపోయింది. అదే గుర్తు. ఫోన్ ఆఫ్ చేసి చెక్క టూత్‌పిక్‌తో గోడల వెంబడి నెమ్మదిగా గీరితే బూడిదరంగు దూది ముక్క ఒకటి వచ్చింది, జీన్స్ జేబులో నూగంతా కేబుల్ పెట్టిన ప్రతిసారీ లోపలికి నొక్కుకుని నొక్కుకుని ముద్దలా గట్టిపడిపోయింది. తర్వాత టక్కుమంది, ఛార్జింగ్ ఎక్కింది, తమ్ముడు నావైపు మంత్రగాణ్ణి చూసినట్టు చూశాడు. చలిదేశాల్లో ఉన్ని జాకెట్ల జేబుల వల్ల ఇది ఇంకా ఎక్కువ. టైప్ సీ పోర్టు మధ్యలో సన్నటి నాలుక లాంటిది ఉంటుంది, కాంటాక్టులన్నీ దాని మీదే, దాన్ని తాకకుండా చుట్టూ తియ్యాలి. పిన్నీసు, సూది లాంటి లోహం ఏదీ వద్దు, నోటితో ఊదడం కూడా వద్దు, తేమ లోపలికి పోతుంది.

తేమ అంటే గుర్తొచ్చింది, బయట మైనస్‌లో నడిచొచ్చి వెచ్చటి ఇంట్లో వెంటనే ఛార్జింగ్ పెడితే కొన్నిసార్లు ఎక్కదు, ఎక్కకూడదు కూడా. లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని శాశ్వతంగా పాడవుతుంది, అందుకే ఫోనే ఆపేస్తుంది లేదా తగ్గిస్తుంది. పైగా చల్లటి ఫోన్ మీద చెమ్మ పడుతుంది. ఒక అరగంట బల్ల మీద వదిలెయ్యండి, హీటర్ మీద మాత్రం పెట్టకండి. పోర్టులో తడి ఉందని హెచ్చరిక వస్తే కేబుల్ తీసేసి, పోర్టు కిందికి ఉండేలా అరచేతిలో మెల్లగా తట్టి, గాలి తగిలే చోట వదిలెయ్యాలి. బియ్యం డబ్బాలో పెట్టమని చెప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు, నూక, పొడి పోర్టులోకి పోవడం తప్ప ఒరిగేదేం లేదు, యాపిల్ కూడా వద్దనే చెప్తోంది.

80 దగ్గర ఆగిపోతోంది అనేది ఇంకో కంప్లైంట్. అది రోగం కాదు, బ్యాటరీని కాపాడే సెట్టింగ్, ఐఫోన్ 15 నుంచి 80 దగ్గర ఆపే ఆప్షన్ ఉంది, ఆండ్రాయిడ్‌లో కూడా ప్రొటెక్షన్ పేరుతో ఉంటుంది, ఫోన్ బాగా వేడెక్కినా అలాగే ఆగుతుంది. స్క్రీన్ పూర్తిగా నల్లగా ఉండి ఏమీ రాకపోతే మంచి ఛార్జర్‌కి పెట్టి కనీసం అరగంట ముట్టుకోకండి, ఆ తర్వాత బలవంతంగా రీస్టార్ట్ చెయ్యండి, ఐఫోన్‌లో అయితే వాల్యూమ్ పెంచేది ఒకసారి, తగ్గించేది ఒకసారి నొక్కి వదిలి, పక్క బటన్ యాపిల్ గుర్తు వచ్చేదాకా పట్టుకోవాలి, ఆండ్రాయిడ్‌లో చాలావాటికి పవర్, వాల్యూమ్ తగ్గించేది కలిపి పది ఇరవై సెకన్లు.

ఛార్జింగ్ ఎక్కకపోవడం వేరు, ఎక్కింది నిలవకపోవడం వేరు, కొత్తవాళ్ళు రెండూ కలిపేస్తారు. ఇండియా సిమ్ రోమింగ్‌లో, కొత్త సిమ్ ఇంకో స్లాట్‌లో, రెండూ సిగ్నల్ కోసం వెతుక్కుంటూ ఉంటే, మన దగ్గర కొన్న ఫోన్లో అక్కడి బ్యాండ్లు, అంటే సిగ్నల్ వచ్చే ఫ్రీక్వెన్సీలు, కొన్ని లేకపోతే ఇంకా ఎక్కువ వెతుకుతుంది, రోజంతా మ్యాపులు, ఇంటికి వీడియో కాల్స్, బ్యాటరీ ఏం చేస్తుంది పాపం. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి అరగంట ఛార్జ్ చేసి చూడండి, చకచకా ఎక్కితే తప్పు బ్యాటరీది కాదు.

నిజంగా బ్యాటరీ ముసలిదైతే సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ చెప్తుంది. బ్యాటరీ మొత్తం నూరు శాతం వాడి నింపితే ఒక సైకిల్, ఐఫోన్ 14 దాకా 500 సైకిల్స్‌కి, 15 నుంచి 1000 సైకిల్స్‌కి 80 శాతం నిలిచేలా చేశామని యాపిల్ లెక్క, 80 కిందికి వెళ్ళాక మార్పించుకోవడమే. ఫోన్ బల్ల మీద పెడితే ఊగుతోందా, స్క్రీన్ అంచు లేచిందా, అది ఉబ్బిన బ్యాటరీ, ఇక ఒక్కసారి కూడా ఛార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు, చెత్తబుట్టలో వెయ్యొద్దు, నేరుగా రిపేర్ చేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. చాలా కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితం, అది ముందే కనుక్కోండి. పోర్టు ఒక్కటే పోయి ఫోన్‌కి వైర్‌లెస్ ఛార్జింగ్ ఉంటే ఒక ప్యాడ్ అరువు తెచ్చుకోండి, రిపేర్‌కి ఇచ్చేముందు ఫొటోలు బ్యాకప్ తీసుకుని, ఇండియా బ్యాంకు ఓటీపీ వచ్చే సిమ్ బయటికి తీసి వేరే ఫోన్లో వేసుకోండి, అదొక్కటి మర్చిపోయి ఇబ్బంది పడినవాళ్ళని చాలామందిని చూశాను.

ఇంకా రావాల్సినవాళ్ళకి చిన్న మాట, పవర్ బ్యాంక్ చెక్ ఇన్ సూట్‌కేసులో పెట్టకండి, చేతి బ్యాగులోనే తేవాలి, 100 వాట్ అవర్స్ లోపు, అంటే సుమారు 27,000 ఎంఏహెచ్ దాకా.

ఇదంతా చూశాక కూడా ఎక్కకపోతే రూమ్మేట్ ఫోన్లోంచే చెయ్యండి, పర్లేదు. కానీ చేసేముందు ఛార్జర్ మీద అవుట్‌పుట్ దగ్గర ఏం రాసుందో, అదే సాకెట్లో అదే కేబుల్‌తో రూమ్మేట్ ఫోన్ ఎక్కుతోందో లేదో, కేబుల్ టక్కుమంటోందో లేదో చూసి చెప్పండి, సగం టైం అక్కడే కలిసొస్తుంది.