నలుపు దగ్గర జాగ్రత్త, అమ్మలూ

అమ్మలూ,

నువ్వు ఉద్యోగం మానేసి సొంతంగా డిజైన్ పనులు ఒప్పుకుంటున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. అంతవరకూ సంతోషంగానే విన్నాను. "ప్రింటింగ్ కూడా తనే చేయించి ఇస్తుందట అన్నయ్యా, మొదటి జాబే పుస్తకమట" అనేసరికి గుండె దడదడలాడింది. బొమ్మ నచ్చకపోతే మళ్ళీ వేయొచ్చు. అచ్చు వేయించి ఇస్తానని మాటిచ్చాక కాగితం నీ నెత్తిన, సిరా నీ నెత్తిన, పొరపాటు ఎవరిదైనా అదీ నీ నెత్తినే. మన ఇంట్లో నా తర్వాత ఈ పనిలోకి వచ్చింది నువ్వేనని మీ పెద్దమ్మ దగ్గర గొప్పలు పోయాను. గొప్పలు పోయాక నిద్ర పట్టలేదు. కాబట్టి చదువు. విసుక్కుంటే విసుక్కో, కానీ చివరిదాకా చదువు.

నీకు తెలిసినవి ముందు కానిచ్చేస్తాను. అంచుదాకా రంగు ఉన్న పేజీకి 3 మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే కటింగ్ గీత దాటి అదనపు రంగు, వదులు, కత్తి వెంట్రుకవాసి పక్కకి పడినా తెల్లగీత కనపడకుండా. అక్షరాలు కటింగ్ గీతకి కనీసం 5 మిల్లీమీటర్లు లోపల ఉండాలి. ఫోటో అచ్చయ్యే సైజులో 300 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్ళు) ఉండాలి. చిన్న ఫోటోని రెండింతలు సాగదీసి "ఫైల్లో 300 ఉంది పెదనాన్నా" అనకు, సాగదీశాక అది 150. మధ్య మడతలో పిన్నులు కొట్టే సెంటర్ పిన్నింగ్ పుస్తకమైతే పేజీల లెక్క నాలుగుతో తెగాలి. ఫాంట్లు పీడీఎఫ్‌లో ఎంబెడ్ అయ్యాయో లేదో, అంటే ఫైల్లోనే ఇమిడి ఉన్నాయో లేదో, చూసుకో. ఇవన్నీ మీకు కాలేజీలో చెప్పే ఉంటారు.

నలుపు గురించి చెప్పి ఉండరు. చెప్పినా ఒక్క ముక్కలో తేల్చేసి ఉంటారు.

స్క్రీన్ మీద నీకు కనపడే నలుపు ఒక్కటే. ప్రెస్సులో నాలుగు రకాలున్నాయి. అచ్చులో సిరాలు నాలుగు, ఒక్కోదానికీ ఒక ప్లేటు: సయాన్ అనే నీలం, మెజెంటా అనే ఎరుపు, పసుపు, నలుపు. కింద లెక్కలన్నీ శాతాల్లో. మొదటిది వట్టి నలుపు: సయాన్, మెజెంటా, పసుపు సున్నా, నలుపు 100. చదివే మేటరంతా ఇందులోనే ఉండాలి. రెండోది రిచ్ బ్లాక్. పెద్ద జాగా నిండా నల్లటి కవరు వేయాలంటే వట్టి నలుపు చాలదు, ఆరాక బూడిదరంగు కొట్టినట్టు వెలవెలబోతుంది. అందుకని కింద కాస్త మిగతా రంగులు పరుస్తారు. సయాన్ 60, మెజెంటా 40, పసుపు 40, నలుపు 100 అన్నది చాలామంది వాడే లెక్క. మూడోది ఫోటోషాప్ ఇచ్చే నలుపు. స్క్రీన్ రంగుల లెక్కలో (ఆర్‌జీబీ) నల్లగా ఉన్నదాన్ని పాత డీఫాల్ట్ సెట్టింగుతో ఈ నాలుగు సిరాల లెక్కలోకి (సీఎంవైకే) మారిస్తే 75, 68, 67, 90 అయి కూర్చుంటుంది. ఇది ఎవరూ కోరుకున్నది కాదు, యంత్రం తనంతట తను కలిపింది. నాలుగోది రిజిస్ట్రేషన్ రంగు, నాలుగు ప్లేట్ల మీదా 100. అది కటింగ్ మార్కులకీ, రంగులన్నీ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయో చూసే రిజిస్టర్ మార్కులకీ మాత్రమే. చూడడానికి కారునల్లగా ఉంది కదా అని అక్షరాలకి వాడావో, ఇక నేను చెప్పేదేమీ లేదు.

వీటి తేడా నీ కంటికి ఎందుకు కనపడదో కూడా విను. పేజీలు పేర్చే ఇన్‌డిజైన్‌లో వట్టి నలుపుని కూడా స్క్రీన్ మీద రిచ్ బ్లాక్ లాగే చూపించే సెట్టింగ్ మొదటినుంచీ ఆన్‌లో ఉంటుంది. ప్రిఫరెన్సెస్‌లో 'అప్పియరెన్స్ ఆఫ్ బ్లాక్' దగ్గరికి వెళ్ళి, నలుపులన్నీ ఉన్నవి ఉన్నట్టు చూపించమని మార్చుకో. ఈ ఉత్తరం పక్కన పెట్టి ఇప్పుడే మార్చు, తర్వాత మర్చిపోతావు.

నా భయం ఊరికే వచ్చింది కాదు. నేను రెండు రంగుల ఆఫ్‌సెట్ మెషిన్ మీద పనిచేసే రోజుల్లో చిన్నపిల్లల కథల పుస్తకం ఒకటి వచ్చింది. బొమ్మలు వేసినామె నీ వయసుదే, చెయ్యి చాలా గొప్పది. ఆ బొమ్మల్లో కప్ప నవ్వితే మనకీ నవ్వొచ్చేది. అయితే ఆ అమ్మాయి బొమ్మతోపాటే అక్షరాలు కూడా ఫోటోషాప్‌లో పెట్టేసింది. అంటే కథంతా ఆ మూడోరకం నలుపులో ఉంది. ప్రతి అక్షరం నాలుగు ప్లేట్ల మీద నాలుగుసార్లు. ఎవరూ గమనించలేదు. పేజీ నిండా రంగులే ఉంటే నలుపు మీదికి కన్ను ఎక్కడ పోతుంది?

రెండు రంగుల మెషిన్ అంటే నాలుగు రంగుల పనికి కాగితం రెండుసార్లు లోపలికి వెళ్ళాలి. మొదటిరోజు నలుపు, సయాన్ వేసి దింపాం. ఆ రాత్రి కుండపోత వాన. కాగితం గాలిలో తడి పీల్చుకుంటుంది, పీల్చుకుంటే సాగుతుంది. పైగా ఆఫ్‌సెట్‌లో ప్లేటు మీద బొమ్మలేని చోట సిరా అంటకుండా నీళ్ళు నడుస్తాయి కనక మొదటి విడతలోనే కొంత తడి ఎక్కి ఉంటుంది. మర్నాడు మెజెంటా, పసుపు వేయబోతే రిజిస్టర్ కూర్చోదు. మెషిన్ కాగితాన్ని పట్టి లాగే గ్రిప్పర్ వైపు సరిచేస్తే తోక వైపు పోతుంది, తోక సరిచేస్తే గ్రిప్పర్ వైపు పోతుంది. కాగితమే పెరిగాక ప్లేటు జరిపి లాభమేముంది?

జరిగింది మిల్లీమీటరులో పదో వంతో, కాస్త ఎక్కువో. బొమ్మల్లో అది తెలియనే తెలియలేదు. అక్షరాల్లో తెలిసింది. లూప్, అంటే చిన్న భూతద్దం, పెట్టి చూశాను. నలుపూ నీలం ఒకదానిమీద ఒకటి బుద్ధిగా ఉన్నాయి, ఒకేసారి పడ్డాయి కదా. వాటి కుడిపక్కన ఎర్రటి అక్షరం విడిగా, దాని అంచున పసుపు. 'ద'కీ 'ధ'కీ తేడా చెప్పే ఆ చిన్న గీత ఎర్ర మసకలో కలిసిపోయింది. వత్తుల సందులు పూడిపోయాయి. మన అక్షరాలకి గుండ్రాలెక్కువ, ఆ గుండ్రాల్లోపల ఉండే తెలుపు పూడిందంటే పెద్దవాళ్ళే తడుముకోవాలి. అది అప్పుడప్పుడే చదవడం నేర్చుకునే పిల్లల పుస్తకం.

ప్రెస్సు యజమాని ఫైలుది తప్పన్నాడు. ఆ అమ్మాయి తన సంచిలోంచి ప్రూఫు, అంటే అచ్చుకి ముందు తీసిన నమూనా, తీసి చూపించింది. ప్రూఫులో ప్రతి అక్షరం ముత్యంలా ఉంది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఆ ప్రూఫు ఇంక్‌జెట్ మీద తీసింది. అందులో ఒకే హెడ్డు ఒకే దమ్ములో రంగులన్నీ చల్లుకుంటూ పోతుంది, ప్లేట్లు లేవు, రెండో విడత లేదు, జరగడానికి ఏమీ లేదు. రంగు ఎలా వస్తుందో ప్రూఫు చెబుతుంది. రిజిస్టర్ ఎలా కూర్చుంటుందో చెప్పదు. ఆ మాట ఆ గదిలో ఎవరూ అనలేదు. లోపలి పేజీలన్నీ మళ్ళీ వేశారు, కాగితం ఖర్చు ఆ అమ్మాయి డబ్బుల్లో కోశారు. ఆమె వాదించలేదు. అచ్చయిన షీట్లు బయటికొచ్చే డెలివరీ దగ్గర నిలబడి, చేతిలో ఒక షీటు పట్టుకుని, కప్ప బొమ్మ వైపే చూస్తూ ఉండిపోయింది. మళ్ళీ ఆ ప్రెస్సుకి రాలేదు. బొమ్మలు మానేసిందో, వేరేచోట వేసుకుంటోందో నాకు తెలియదు. మీ నాన్న ఫోన్ పెట్టేశాక నాకు ఆ పిల్లే గుర్తొచ్చింది.

ఇంతకీ దాన్ని పట్టుకోవడానికి అర నిమిషం చాలు. పీడీఎఫ్‌ని అక్రోబాట్ ప్రోలో తెరిచి 'అవుట్‌పుట్ ప్రివ్యూ' తీయి. అక్కడ నాలుగు సెపరేషన్లూ, అంటే రేపు మెషిన్ ఎక్కబోయే నాలుగు ప్లేట్లూ, విడివిడిగా కనపడతాయి. నలుపు దగ్గర టిక్కు తీసెయ్. మేటర్ మొత్తం మాయమవ్వాలి. ఒక్క అక్షరం నీడలాగా మిగిలినా ఆ పేజీ పంపకు. ప్రతి పేజీకీ చేయి. పది పేజీలు చూసి "మిగతావీ ఇంతేలే" అనుకునే బుద్ధి మన వంశంలో ఉంది, మీ నాన్నని చూడు.

అదే కిటికీలో టోటల్ ఏరియా కవరేజ్ కూడా చూపిస్తుంది. ఒకేచోట నాలుగు సిరాలూ కలిపి ఎంత పడుతోందన్న లెక్క అది. నునుపు పూత ఉన్న ఆర్ట్ పేపరుకి 300 శాతం దగ్గర ఆపమంటారు, న్యూస్‌ప్రింటుకి 240 దగ్గరే ఆగాలి. నీ కాగితానికి ఎంతో ప్రెస్సువాళ్ళనే అడుగు. దాటితే సిరా ఆరదు. కింది షీటు మీది సిరా పై షీటు వీపుకి అంటుకుంటుంది. దాన్నే సెటాఫ్ అంటారు. అంటకుండా పౌడర్ చల్లుతారు కానీ రిజిస్ట్రేషన్ రంగుతో 400 శాతం సిరా పోస్తే పౌడర్ ఏం చేస్తుంది? దొంతర దొంతరే ఇటుకలా అతుక్కుపోతుంది.

నలుపు మీద ఇంకొకటి చెప్పి వదిలేస్తాను. రంగు మీద నల్ల అక్షరం పడేటప్పుడు కింద రంగుని ఉంచి దానిమీదే వేస్తే ఓవర్‌ప్రింట్, అక్షరం ఆకారంలో కింద రంగుని తొలగిస్తే నాకౌట్. చిన్న నల్ల అక్షరాలు ఓవర్‌ప్రింటే ఉండాలి, లేకపోతే రిజిస్టర్ కాస్త కదలగానే చుట్టూ తెల్లగీతలు తొంగిచూస్తాయి. కానీ ఓవర్‌ప్రింట్ పెట్టిన అక్షరాన్ని తర్వాత మనసు మార్చుకుని తెలుపు చేశావనుకో, అచ్చులో అది ఉండదు. తెల్లసిరా లేదు కదా, కింద రంగే కనిపిస్తుంది. స్క్రీన్ మీద మాత్రం నిక్షేపంగా ఉంటుంది. 'ఓవర్‌ప్రింట్ ప్రివ్యూ' ఆన్ చేసుకుని చూడు.

మెషిన్ మీద జాబు ఎక్కేటప్పుడు నువ్వు వెళ్తానంటావు. వెళ్ళు, వెళ్ళి తీరాలి. జుట్టు ముడేసుకో. చున్నీ, మెడలో గొలుసు, చేతికి వదులుగా ఉండేది ఏదీ వద్దు. రోలర్ల మధ్య ఏదో అంటుకుందని వేలు పెట్టకు, అక్కడ పనిచేసేవాళ్ళు పెడుతున్నా సరే నువ్వు పెట్టకు. కటింగ్ మెషిన్‌కి రెండు చేతులతో నొక్కే రెండు బటన్లు ఎందుకున్నాయో తెలుసా, కత్తి దిగేటప్పుడు రెండు చేతులూ బయటే ఉండాలని. ఒక బటన్‌కి చెక్కముక్క ఇరికించి ఒంటి చేత్తో నడిపించే ప్రెస్సు కనపడితే రేటు ఎంత తక్కువైనా అక్కడ పని చేయించకు. చిన్నప్పుడు నువ్వు నాతో వచ్చి ఆ కత్తి కింద రాలిన రంగురంగుల కాగితం పేలికలు ఏరుకునేదానివి. నేను ఒక కన్ను రిజిస్టర్ మీద, ఒక కన్ను నీ మీద పెట్టుకుని చచ్చేవాణ్ణి. ఇప్పుడు నీ వెనకాల ఎవరుంటారు?

సరే. కాగితం గురించి రెండు మాటలు. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో, అంతే, మందం కాదు. ఒకే జీఎస్ఎంలో ఒక కాగితం దళసరిగా, ఇంకొకటి పలచగా ఉండొచ్చు. అందుకే జిగురుతో అతికే పర్ఫెక్ట్ బైండింగ్ పుస్తకానికి వీపు కొలత జీఎస్ఎం చూసి ఊహించకు. అదే కాగితంతో, అన్నే పేజీలతో ఒక తెల్ల డమ్మీ కట్టించి స్కేలు పెట్టి కొలువు. గ్రెయిన్ కూడా అడుగు. కాగితంలో పీచు ఒక దిక్కున పడుకుని ఉంటుంది, ఆ దిక్కు పుస్తకం వీపుకి సమాంతరంగా ఉండాలి. అడ్డంగా ఉంటే పుస్తకం తెరిచినప్పుడు మొరాయిస్తుంది, మందపాటి కవరైతే మడత దగ్గర సిరా పగులుతుంది. మడత చోట ముందే గాడి నొక్కే క్రీజింగ్ వేయిస్తే కొంత నయం.

కోటింగ్ లేని కాగితమైతే ఫోటోలు కాస్త లేతగా చేసి ఇవ్వు. సిరా పీల్చుకుని చుక్క విస్తరిస్తుంది, డాట్ గెయిన్ అంటే అదే. ఫైల్లో 50 శాతం ఉన్న చుక్క కాగితం మీద 70 దాకా పోతుంది. ముఖాలు నల్లబడిపోతాయి. బంగారు రంగు కావాలని ఎవరైనా అడిగితే నాలుగు రంగుల్లో అది రాదని అప్పుడే చెప్పు. మెరుపు కావాలంటే మెటాలిక్ స్పాట్ కలర్‌కి, అంటే విడిగా కలిపిన మెరుపు సిరాకి, ఐదో ప్లేటు, లేదంటే మెరుపు రేకు అద్దే ఫాయిల్. రెండూ అదనపు ఖర్చే. విడి సిరా రంగుని గుర్తించే పాంటోన్ నంబరు చెప్పేటప్పుడు చివర 'సి'నో 'యు'నో కూడా చెప్పు. సిరా ఒకటే అయినా కోటెడ్ కాగితం మీద ఒకలా, అన్‌కోటెడ్ మీద ఒకలా కనపడుతుంది.

ప్రూఫు ఫోనులో పంపి ఓకే చేయించుకునే వాళ్ళని దూరం పెట్టు. ఫోన్ వెలుతురుతో చూపిస్తుంది, కాగితం సిరాతో చూపిస్తుంది, ఎన్నటికీ ఒకటి కావు. కాగితం ప్రూఫు తీసుకుని, 5000 కెల్విన్ లైటు ఉంటే దాని కింద, లేకపోతే నీడపట్టున పగటి వెలుగులో చూడు. పనిచ్చినవాళ్ళ చేత ప్రతి షీటు మీద సంతకం, తేదీ వేయించు. మొహమాటపడకు. సంతకం పెట్టేముందు పేర్లు, ఫోన్ నంబర్లు, అట్ట మీది పెద్ద అక్షరాలు ఇంకొకరి చేత పైకి చదివించు. లోపల మేటర్‌లో తప్పులు అందరూ వెతుకుతారు, అట్టమీద తప్పు ఎవరికీ కనపడదు.

డబ్బు సర్దుబాటు ఏదైనా ఉంటే మీ నాన్నకి చెప్పకుండా నాకు చెప్పు. ముందుగా ఒక పని చేయి. నీ మొదటి పుస్తకం ప్రెస్సుకి పంపేముందు నలుపు తీసేసి మిగతా మూడు సెపరేషన్లూ తెల్లకాగితం మీద ప్రింటు తీసి, అన్ని పేజీలూ, నాకు పోస్టులో పంపు. రెండురోజుల్లో చూసి ఫోన్ చేస్తాను. ఫోటో తీసి వాట్సాప్‌లో పెడితే మాత్రం తెరవను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న