పదో తరగతి పిల్లలతో ఒక కథను ఆన్‌లైన్‌లో కలిసి చదివించడం ఎలా?

పిల్లలు కథ చదవకుండా గైడులో సారాంశం బట్టీ పడుతున్నారు, గూగుల్ డాక్స్ (నెట్‌లో అందరూ ఒకే పేజీలో కలిసి రాయగలిగేది) లాంటివి పనికొస్తాయా అని ఒక టీచర్ అడిగారు. పనికొస్తాయి, కాకపోతే ఇచ్చే పని చిన్నదిగా ఉండాలి.

గురజాడ 'దిద్దుబాటు' (1910) తీసుకోండి. రాత్రి ఆలస్యంగా ఇంటికొచ్చిన గోపాలరావుకు భార్య కమలిని కనిపించదు, ఆమె రాసిన ఉత్తరం దొరుకుతుంది, అదీ కథ. చిన్న కథ, కాపీరైట్ కూడా లేదు కాబట్టి మొత్తం డాక్‌లో పెట్టేయొచ్చు. నలుగురేసి జట్టుగా చేసి, ముందు పక్కన కామెంట్లు మాత్రమే రాయించండి. "గోపాలరావు ఇక్కడ నిజంగా మారాడా, భయపడ్డాడా?" అని ఒకరు పెడితే ఇంకొకరు కథలోని వాక్యం చూపించి జవాబివ్వాలి. వాక్యం చూపకపోతే జవాబు లెక్కలోకి రాదు. క్లాసులో నోరు విప్పని పిల్లలు ఇక్కడ రాస్తారు. నాకు అన్నిటికన్నా విలువైనది అదే.

తర్వాత ఆ రాత్రిని కమలిని వైపు నుంచి రాయమనండి. కథలో ఆమె గొంతు ఉత్తరంలోనూ, చివర మంచం కింది నుంచి వచ్చే నవ్వులోనూ తప్ప వినపడదు. ఆ ఖాళీని జట్టంతా ఒకే పేజీలో నింపుతున్నప్పుడు ఒక్క మాట కోసం పిల్లలు గట్టిగా వాదించుకుంటారు. ఆ వాదనను ఆపకండి.

ఎవరి అకౌంట్ నుంచి వాళ్లు రాస్తే ఎవరెంత రాశారో వెర్షన్ హిస్టరీలో (డాక్‌లో జరిగిన మార్పుల చిట్టాలో) కనిపిస్తుంది, మార్కుల టెన్షన్ ఉండదు. ఫోన్లు లేకపోతే స్కూల్ ల్యాబ్‌లో జట్టుకొక కంప్యూటర్ చాలు. అప్పుడు టైప్ చేసేవాళ్లను పది నిమిషాలకోసారి మార్చండి.