తపాలా శాఖని ప్రైవేటుకి ఇచ్చేస్తే బాగుపడుతుందా?

ఉత్తరాలు రాసేవాళ్లు లేరు, కొరియర్లు గడప దాకా వస్తున్నాయి, ఇంకా లక్షా అరవై వేలకు పైగా పోస్టాఫీసుల్ని జనం సొమ్ముతో మోయడం ఎందుకు, ప్రైవేటుకి ఇచ్చేస్తే పోదా అని మీరు అడిగారు.

నాకు ఈ వ్యవహారం రెండు వైపుల నుంచీ కొంత తెలుసు. మా నాన్న పల్లెటూళ్లో బ్రాంచ్ పోస్ట్‌మాస్టరుగా చేశారు. ఆ రోజుల్లో ఈడీ బీపీఎం, అంటే శాఖలో పూర్తి ఉద్యోగి కాని బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్ అనేవాళ్లు, ఇప్పుడు గ్రామీణ డాక్ సేవక్ అంటున్నారు. నేనేమో కొన్నేళ్లు ఒక ప్రైవేటు కొరియర్ కంపెనీ హబ్‌లో పనిచేశాను. పేరు అనవసరం. ఈ రెండూ చూశాక నాకు ఏర్పడిన అభిప్రాయం ఒకటే. మారుమూల ఊరికి కవరు చేర్చే పని ఎవరు చేసినా నష్టమే. ఆ నష్టం ఇప్పుడు ఎవరి జేబులోంచి పోతోందో తేల్చకుండా ప్రైవేటా, ప్రభుత్వమా అని వాదించుకోవడం దండగ.

ముందు హబ్ సంగతి చెబుతాను. తెల్లవారుజామున లారీ దిగుతుంది, పార్సిళ్లని పిన్‌కోడ్ల వారీగా విడదీస్తాం. టౌన్ రూట్లంటే డెలివరీ కుర్రాళ్లకి ఎగబడేంత ఇష్టం. ఒక అపార్ట్‌మెంట్ ముందు బండి ఆపితే చాలు, సగం సంచి ఖాళీ. వాళ్లకి జీతం కన్నా పార్సిల్‌కి ఇంత అని లెక్క కదా. అదే ఒక్క పార్సిల్ పట్టుకుని మండల కేంద్రం దాటి, మట్టిరోడ్డు మీద పోయి, ఇల్లు వెతికి ఇచ్చి రావాలంటే వచ్చే డబ్బు పెట్రోలుకి కూడా చాలదు. అందుకే అలాంటి పిన్‌కోడ్లని ఓడీఏలో పెడతారు, అంటే డెలివరీ పరిధి బయట అన్నమాట. అక్కడికి అదనపు ఛార్జీ కట్టాలి, లేదా బుకింగే తీసుకోరు. పొరపాటున బుక్ అయి వచ్చేసిందా, ఇక ఫోను: "సార్, బస్టాండ్ దగ్గరికి వచ్చి తీసుకుపోండి." రాకపోతే సిస్టమ్‌లో "కస్టమర్ అందుబాటులో లేరు" అని ఎంట్రీ. ఎవరూ ఆ ఊరి వైపే పోలేదన్న సంగతి హబ్‌లో అందరికీ తెలుసు. కుర్రాళ్లని తప్పుపట్టను, ఆ రేటుకి ఎవరున్నా అదే చేస్తారు. కంపెనీని కూడా మరీ తిట్టలేను. లాభం కోసం పెట్టిన వ్యాపారం లాభం రాని చోటికి ఎందుకు పోతుంది? కొన్నిసార్లు మేమే ఆ పార్సిళ్లని పక్కనున్న పోస్టాఫీసుకి తీసుకెళ్లి స్పీడ్‌పోస్ట్ చేసేవాళ్లం. కస్టమర్‌కి ఈ ముక్క చెప్పేవాళ్లం కాదనుకోండి.

ఇప్పుడు రెండో వైపు. మా ఇంటి ముందు గదే పోస్టాఫీసు. సబ్ పోస్టాఫీసు నుంచి బస్సులో సంచి వచ్చేది. నాన్న సీలు చూసి, సంచి విప్పి, లెక్క సరిపోల్చుకుని, తారీఖు ముద్ర కొట్టి పంచడానికి ఇచ్చేవారు. నిజానికి అందులో ఉత్తరాల పని తక్కువే. మనియార్డర్లు, పొదుపు ఖాతాలు, ఆర్డీ వాయిదాలు, పాస్‌బుక్కులో ఎంత ఉందో చదివి చెప్పడం, ఫారం నింపిపెట్టడం, ఇవే ఎక్కువ. ఆఫీసు వేళలు కాగితం మీద కొన్ని గంటలే. కానీ ఇంట్లోనే ఆఫీసు ఉన్నాక రాత్రి ఎనిమిదికి వచ్చి "పంతులుగారూ, మావాడు పంపిన డబ్బు వచ్చిందా" అని అడిగితే లేదు పొమ్మంటామా?

అసలు విషయం ఇక్కడే ఉంది. పల్లె పోస్టాఫీసులు మొత్తంలో దాదాపు 90 శాతం. వాటిని చాలావరకు నడిపేది పూర్తిస్థాయి ఉద్యోగులు కాదు, గ్రామీణ డాక్ సేవకులు. రోజుకి 4 నుంచి 5 గంటల పని అని లెక్కగట్టి, జీతం అనకుండా భత్యం అంటారు. వీళ్ల భత్యాల సంగతి చూడటానికి వేసిన కమలేశ్ చంద్ర కమిటీ 2016లో నివేదిక ఇచ్చాక 2018లో పెంచితేనే 4 గంటల శ్లాబులో బీపీఎంకి నెలకి 12,000 రూపాయలు, ఆయన కింద పంచేవారికి 10,000 అయింది. పైన కరువు భత్యం. ఆఫీసుకి చోటు కూడా చాలా ఊళ్లలో వాళ్లే చూసుకోవాలి. ఈ పద్ధతి వెనకున్న ఊహ ఏమిటంటే, ఆ మనిషికి బతకడానికి వేరే ఆధారం ఉంటుందని. మా నాన్నకి కాస్త పొలం ఉంది కాబట్టి నడిచింది. అంటే మారుమూల ఊరికి కవరు చేర్చే నష్టంలో కొంత ఖజానా భరిస్తోంది, కొంత ఆ ఊరి బీపీఎం ఇల్లూ పొలమూ భరిస్తున్నాయి. ఈ రెండో భాగం ఏ బడ్జెట్ పుస్తకంలోనూ కనిపించదు.

"ఏటా నష్టాలే కదా" అంటారు. ఆ అంకెలో ఏముందో కూడా చూడాలి. దూరంతో పని లేకుండా దేశమంతా ఒకే రేటు అన్న పద్ధతి 1854 నుంచి ఉంది. పోస్టుకార్డు ధర ఏళ్ల తరబడి 50 పైసల దగ్గరే ఆగిపోయింది, దాన్ని మోసే ఖర్చు అంతకు ఎన్నో రెట్లు. అది శాఖ చేతకానితనం కాదు, ప్రభుత్వం తెలిసి తీసుకున్న నిర్ణయం. ఇక ఆదాయంలో పెద్ద భాగం వచ్చేది ఉత్తరాల నుంచి కాదు, 1882లో మొదలైన సేవింగ్స్ బ్యాంకు పని నుంచి. పొదుపు ఖాతాలు నిర్వహించినందుకు ఆర్థిక శాఖ ఖాతాకి ఇంత అని తపాలా శాఖకి చెల్లిస్తుంది. ఆ రేటు పెంచితే నష్టం తగ్గుతుంది, తగ్గిస్తే పెరుగుతుంది. అమెరికాలోనూ ఇలాగే జరిగింది. ఇంకా రిటైరే కాని ఉద్యోగుల వైద్య ఖర్చులకి ముందుగానే వేల కోట్ల డాలర్లు పక్కన పెట్టాలని 2006లో చట్టం చేశారు, దాంతో అక్కడి పోస్టల్ సర్వీసు నష్టాలు భారీగా ఉబ్బిపోయాయి. 2022లో ఆ నిబంధన తీసేశారు. నష్టమే లేదని నేననడం లేదు. ఇక్కడ జీతాలూ పింఛన్లూ ఖర్చులో అత్యధిక భాగం తినేస్తున్నాయి, అది నిజమైన సమస్యే.

వేరే దేశాల్లో ఏమైందో క్లుప్తంగా చెబుతాను. బ్రిటన్‌లో 2013లో ఉత్తరాలు పంచే రాయల్ మెయిల్ షేర్లు అమ్మారు గానీ, పోస్టాఫీసు కౌంటర్లు నడిపే సంస్థని ప్రభుత్వం దగ్గరే ఉంచుకున్నారు. అన్ని ఇళ్లకీ ఉత్తరాలు ఇవ్వాలన్న షరతు చట్టంలో అలాగే ఉంది. ఆ షరతు బరువు తగ్గలేదు కాబట్టి 2025లో సెకండ్ క్లాస్ ఉత్తరాలు, అంటే తక్కువ ధరకి నెమ్మదిగా వెళ్లేవి, రోజు విడిచి రోజు ఇవ్వడానికి అనుమతి తెచ్చుకున్నారు. డెన్మార్క్ వాళ్లు అసలు షరతే ఎత్తేశారు. 400 ఏళ్లకు పైగా సాగిన ఉత్తరాల బట్వాడాని వాళ్ల తపాలా సంస్థ పోస్ట్‌నార్డ్ 2025 డిసెంబరుతో ఆపేసింది. ఆ దేశంలో దాదాపు అందరికీ సర్కారు కాగితాలు డిజిటల్ పెట్టెలోకే వస్తాయి కాబట్టి చెల్లింది. మన దగ్గర ఉత్తరాలు తగ్గాయంటే కుశల ప్రశ్నల ఉత్తరాలు తగ్గాయని. ఆధార్ కార్డు, పాస్‌పోర్టు, ఏటీఎం కార్డు, కోర్టు నోటీసు, ఉద్యోగం కాల్ లెటర్ ఇప్పటికీ పోస్టులోనే కదా వస్తున్నాయి. కోర్టు నోటీసుని "బస్టాండ్ దగ్గరికి వచ్చి తీసుకుపోండి" అంటే కుదురుతుందా?

సంస్కరణలు జరగలేదని కూడా కాదు. 1986లో వచ్చిన స్పీడ్‌పోస్ట్ వల్లే శాఖ కొరియర్ల ముందు నిలబడగలిగింది. 2018లో ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు పెట్టాక, వేలిముద్ర వేసి ఇంటి దగ్గరే డబ్బు తీసుకునే వీలు వచ్చింది. బ్యాంకుకి పోవాలంటే ఒక రోజు కూలి పోగొట్టుకునేవాళ్లకి ఇది ఎంత పెద్ద మార్పో పట్నంలో ఉంటే అంత తేలిగ్గా అర్థం కాదు.

నాకు నచ్చనిది ఈ మధ్య వచ్చిన ధోరణి. 2025 అక్టోబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్‌పోస్టులో కలిపేశారు. ఊరు దాటితే 50 గ్రాముల వరకు 47 రూపాయలు, రిజిస్ట్రేషన్ కావాలంటే మరో 5, దాని మీద జీఎస్టీ. ట్రాకింగ్, ఓటీపీ బాగానే ఉన్నాయి. కానీ రిజిస్టర్ చేసేవాళ్లలో చాలామందికి కావలసింది వేగం కాదు, పంపినట్టు రుజువు. బ్యాంకు నోటీసుకి జవాబిచ్చే రైతుకి రెండు రోజులు ఆలస్యమైనా ఫర్వాలేదు, రసీదు చేతిలో ఉంటే చాలు. అక్కర్లేని వేగానికి కూడా అతని చేత డబ్బు కట్టిస్తున్నారు. పుస్తకాల విషయంలోనూ అంతే. చవగ్గా పుస్తకాలు పంపుకునే రిజిస్టర్డ్ బుక్‌పోస్ట్ 2024 చివర్లో పోయింది, చిన్న ప్రచురణకర్తలు గగ్గోలు పెట్టారు, 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ పేరుతో 300 గ్రాములకి 20 రూపాయల నుంచి మొదలయ్యే రేట్లు తెచ్చారు. మంచిదే. ఆ పని పాతది తీసేసే రోజే చేసి ఉండొచ్చుగా!

చట్టం సంగతి ఇంకోటి. 1898 నాటి చట్టాన్ని తీసేసి తెచ్చిన పోస్టాఫీసు చట్టం 2024 జూన్‌లో అమల్లోకి వచ్చింది. ఉత్తరాల మీద ప్రభుత్వానికున్న గుత్తాధిపత్యం అందులో లేదు. సరే, పోటీ పెట్టారు. కానీ సేవలో లోపం జరిగితే, నిబంధనల్లో ప్రత్యేకంగా చెప్పిన మేరకు తప్ప శాఖకి బాధ్యత లేదన్న రక్షణ మాత్రం ఉంచారు. కొరియర్ వాడు పార్సిల్ పోగొడితే వినియోగదారుల కమిషన్‌కి ఈడ్వొచ్చు. పోటీలోకి దిగిన సంస్థకి పాత రాజరికపు కవచం ఎందుకు? నా చేతిలో ఉంటే మొదట తీసేసేది దాన్నే.

ఆ తర్వాత, ఏ ఊరికైనా ఒకే రేటుకి చేర్చినందుకు అయ్యే ఖర్చుని బడ్జెట్‌లో వేరే పద్దుగా చూపించమంటాను. బీపీఎంకి పూర్తి రోజు పని, పూర్తి రోజు జీతం ఇవ్వాలి. పని ఎక్కడిది అంటారా, మా హబ్‌లో మూలన పడేసిన ఆ ఓడీఏ పార్సిళ్లే. కొరియర్ కంపెనీల బండ్లు మండలం దాకా రానివ్వండి, అక్కడి నుంచి ఊళ్లోకి చేర్చే పని ఫీజు తీసుకుని పోస్టాఫీసు చేయాలి, ఆ ఫీజులో వాటా పంచినవాడికి దక్కాలి. అక్కడక్కడా ఇప్పటికే దొడ్డిదారిన జరుగుతున్నదాన్ని రాజమార్గం చేయడమే ఇది. బదులుగా కొన్ని వదులుకోవాలి కూడా. ప్రతి గూడేనికీ రోజూ ఉత్తరాల బట్వాడా అక్కర్లేదు, వారానికి మూడు రోజులని చెప్పి ఆ మూడు రోజులూ తప్పకుండా వస్తే చాలు. నగరాల్లో నాలుగు వీధుల దూరంలో రెండు పోస్టాఫీసులు ఉంటే కలిపేయొచ్చు. ఇది చాలామందికి నచ్చదు, తెలుసు.

టార్గెట్ల పిచ్చి తగ్గాలి. ఈ నెల ఇన్ని ఖాతాలు, ఇన్ని బీమా పాలసీలు అని పైనుంచి ఒత్తిడి పెడితే ఖాతాలు పుడతాయి గానీ, వాటిలో లావాదేవీలు పుట్టవు.

సాఫ్ట్‌వేర్ విషయంలో ఒక్క హెచ్చరిక. 2025లో కొత్త సిస్టమ్ దేశమంతా పెట్టారు, బీపీఎంల లెక్కలన్నీ ఇప్పుడు యంత్రంలోనే. బ్రిటన్‌లో హొరైజన్ అనే సాఫ్ట్‌వేర్ తప్పుడు లెక్కలు చూపిస్తే, యంత్రం అబద్ధం చెప్పదని నమ్మి, చిన్న పోస్టాఫీసులు నడిపేవాళ్లని 900 మందికి పైగా దొంగలుగా తేల్చి శిక్షలు వేశారు. కొందరు జైలుకి కూడా వెళ్లారు. అంత జరిగాక 2024లో ప్రత్యేక చట్టం చేసి ఆ శిక్షలు రద్దు చేయాల్సి వచ్చింది. ఇక్కడ నగదు తేడా వచ్చిందంటే ముందు నిలదీసేది బీపీఎంనే. యంత్రం లెక్కని సవాలు చేసే దారి వాళ్లకి ఇప్పుడే ఉండాలి.

ఇక మీరు అడిగిన ప్రశ్నకి సూటిగా: ప్రైవేటుకి ఇస్తే కొనేవాడు కొనేది నగరాల్లోని పార్సిల్ వ్యాపారం, నడిబొడ్డున ఉన్న భవనాలు. లాభం వచ్చే ఆ ముక్క పోయాక పల్లె పోస్టాఫీసుల ఖర్చు మొత్తం ఖజానా మీదే పడుతుంది, అంటే మీరు తగ్గించాలనుకున్న భారం ఇంకా పెరుగుతుంది. లేదూ, మొత్తంగా ఇచ్చేద్దాం అంటే, ఓడీఏలో ఉన్న పిన్‌కోడ్లన్నిటికీ అదే రేటుకి వారానికి ఇన్ని రోజులు బట్వాడా చేయాలని, చేయకపోతే జరిమానా కట్టాలని టెండర్ షరతుల్లో మొదటి పేజీలోనే రాయాలి. నేను పనిచేసిన కంపెనీ అయితే రెండో పేజీ తిప్పేది కాదు.