సెల్ఫ్ రిపోర్ట్ అంటే తిట్టా?

ప్రశ్న: ‘ఆఫీసులో కునికేవాళ్లు ఎక్కువయ్యారు’ అని టీవీలో ఎవరో అంటే, ‘నేను ఒక్కరోజేగా పడుకుంది’ అన్నాను. మా అబ్బాయి ‘సెల్ఫ్ రిపోర్ట్!’ అని పగలబడి నవ్వాడు. సర్వేల్లో కనిపించే మాట కదండీ ఇది?

జవాబు: అదే మాట, అర్థం వేరు. సర్వేలో ఎత్తు, నిద్రపోయే గంటలు ఎవరూ కొలవకుండా మీరే చెబితే సెల్ఫ్ రిపోర్ట్. (అలా చెప్పినప్పుడల్లా నా ఎత్తు రెండు సెంటీమీటర్లు పెరుగుతుంది.) మీవాడిది కుర్రకారు వాడుక. 2018లో వచ్చిన అమాంగ్ అస్ అనే, ఆటగాళ్లలో దాగిన హంతకుణ్ని కనిపెట్టే వీడియో గేమ్‌లో, చంపినవాడే ‘శవం దొరికింది’ అని కబురు పెట్టడాన్నీ ఇలాగే అంటారు. అక్కడ అది తనమీద అనుమానం రాకుండా వేసే ఎత్తుగడ. మామూలు మాటల్లో మాత్రం నోరుజారి దొరికిపోవడం. గుమ్మడికాయల దొంగ అంటే మీరు భుజాలు తడుముకున్నారు. తిట్టు కాదులెండి, ఆటపట్టించాడు.